బయానా ఇచ్చే ముందు చెదలు చూసుకోండి: ఇల్లు కొనేవాళ్లకీ, ఉన్న ఇల్లు కాపాడుకునేవాళ్లకీ

హైదరాబాద్‌లో ఇల్లు కొనేటప్పుడు ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపిస్తాం, వాస్తు తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని వెళ్తాం, బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయో పక్కింటివాళ్లని కూడా అడుగుతాం. చెదలు మాత్రం చూడం. మేమూ చూడలేదు. తార్నాక వైపు ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు నచ్చింది, రెండుసార్లు చూశాం, రెండోసారే బయానా ఇచ్చేశాం. దేవుడి గది దర్వాజాకి, అంటే తలుపు చౌకట్టుకి, అప్పుడే వేసిన ఎనామిల్ పెయింట్ తళతళలాడుతుంటే, ఓనర్ ఇల్లు ఎంత బాగా చూసుకున్నారో అనుకున్నాం. మొదటి వానాకాలంలో అమ్మ ఆ తలుపు వేస్తుంటే కింది మడతబందు స్క్రూలతో సహా ఊడి వచ్చింది. చూస్తే ఆ దర్వాజాలో పెయింట్ పొర తప్ప చెక్క లేదు. ఆ గోడకి అవతలి వైపు అల్మారాలో అక్క డిగ్రీ సర్టిఫికెట్లు, అమ్మానాన్నల పెళ్లి ఆల్బం ఉండేవి. సర్టిఫికెట్లకి డూప్లికేట్లు తెచ్చుకున్నాం. ఆల్బం పోయింది.

అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను. పెద్ద పరికరాలేం అక్కర్లేదు. రెండు గంటల టైమ్ పెట్టుకుని, ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం వదిలేసి, ఇంటి మూలమూలా వంగి చూడగలిగితే చాలు.

ముందు చెదలు ఎలా బతుకుతాయో తెలియాలి

మన ప్రాంతంలో ఇళ్లని తినే చెదలు ఎక్కువగా మట్టిలో ఉండేవే. పైకి పుట్ట కనిపించాలని లేదు, గూడు భూమి లోపలే ఉండొచ్చు. పనిచేసే చెదపురుగు ఒళ్లు చాలా మెత్తన, వెలుతురుకీ గాలికీ వస్తే ఎండిపోతుంది. అందుకే మట్టినీ ఉమ్మినీ కలిపి పెన్సిల్ మందాన గొట్టం కట్టుకుని దాని లోపలే నడుస్తుంది, తడి కోసం మళ్లీ భూమిలోకి దిగుతుంది. దానికి కావాల్సినవి మూడు: మట్టి, తడి, తినడానికి చెక్క. చెక్క అంటే కాగితం, అట్టపెట్టె, నూలు బట్ట కూడా. పురుగు మీ కంటపడడం అరుదు, దాని దారి మాత్రం దొరుకుతుంది. ఈ ఇంట్లో మట్టి ఎక్కడ గోడకి తగులుతోంది, తడి ఎక్కడ ఉంది, ఆ రెండిటికీ దగ్గరగా చెక్క ఎక్కడుంది అని చూసుకుంటూ వెళ్లండి, సగం పని అయిపోయినట్టే.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

పగటిపూట వెళ్లండి, ఇల్లు ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. వీలుంటే వానలు మొదలయ్యాక, అంటే జూన్, జూలైలో ఒకసారి చూడండి. తొలకరి పడ్డాక సాయంత్రాలు లైట్ల చుట్టూ ఉసిళ్లు లేస్తాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. బయట వీధిలైటు దగ్గర కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అన్ని చోట్లా లేస్తాయి. ఇంటి లోపల దర్వాజా సందులోంచో, బండల మధ్యలోంచో బయటికి వస్తుంటే మాత్రం గూడు మీ కాళ్ల కిందే ఉన్నట్టు. కిటికీ గట్టు మీద, సాలెగూళ్లలో రాలిన రెక్కలు కుప్పగా ఉన్నాయా చూడండి.

మంచి టార్చ్, ఒక స్క్రూడ్రైవర్, సెల్‌ఫోన్, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత న్యూస్‌పేపర్ చాలు. గోడలో తడి కొలిచే మాయిశ్చర్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఉంటే ఉపయోగమే, లేకపోతే అరచేయి ఆనించి చూసినా చల్లదనం తెలుస్తుంది.

మొదట బయట ఒక చుట్టు

లోపలికి వెళ్లే తొందర వద్దు. కాంపౌండ్ గోడకీ ఇంటికీ మధ్య ఉన్న సందులో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. బేస్‌మెంట్ గోడ మీద నేల నుంచి పైకి పాకిన మట్టి గీతలు ఉన్నాయా? ఉంటే ఫోటో తీసుకోండి. ఇంటి చుట్టూ మట్టి బేస్‌మెంట్ ఎత్తుకి వచ్చేసిందా? పాత ఇళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇల్లు పల్లమైపోయిన చోట, వాకిట్లో మట్టి పోసి ఎత్తు పెంచుతారు, ఆ మట్టి నేరుగా గడప దాకా వస్తుంది. మలక్‌పేట, సైదాబాద్, మారేడ్‌పల్లి లాంటి పాత కాలనీల్లో ఇళ్లు చూసేవాళ్లు ఇది తప్పకుండా గమనించాలి. ఏసీ నీళ్లు, వాటర్ ట్యాంక్ పొంగిన నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా చూడండి. గోడకి ఆనించి పూలకుండీలు, పాత కట్టెలు, సెంట్రింగ్ చెక్కలు పెట్టి ఉంటే వాటిని కదిపి అడుగున చూడండి. కొట్టేసిన చెట్టు మొద్దు వాకిట్లో మిగిలి ఉందా అన్నదీ ముఖ్యమే, మొద్దు కుళ్లేకొద్దీ అది చెదలకి ఏళ్ల తరబడి తిండి.

కొత్త లేఅవుట్ కదా, చెదలు ఎక్కడివి అనుకోవద్దు. కొంపల్లి, మేడ్చల్ వైపు చాలా చోట్ల ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి, బాచుపల్లి లాంటి చోట్ల పొలాలు ఉండేవి. ఇల్లు కొత్తదైనా కింద మట్టి పాతదే.

దర్వాజాలు: ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి

ఇంట్లో మొదట పాడయ్యేది చాలాసార్లు దర్వాజానే. చౌకట్టు కాళ్లు ఫ్లోరింగ్ లోపలికి దిగి ఉంటాయి, గోడకీ చెక్కకీ మధ్య సన్నని సందు ఎప్పుడూ ఉంటుంది, చెదలు ఆ సందులోంచి వచ్చి లోపల్నుంచి తినడం మొదలుపెడతాయి. పైపొర ముట్టుకోవు. అందుకే కంటితో చూసి బాగుంది అనడానికి లేదు, తట్టి వినాలి.

ఓనర్‌ని ముందే అడగండి: "అంకుల్, దర్వాజాలు ఒకసారి తట్టి చూస్తాం, ఏమనుకోకండి" అంటే ఎవరూ వద్దనరు. వద్దన్నారంటే అదీ మీకు ఒక సమాచారమే. స్క్రూడ్రైవర్ పిడితో నేల నుంచి మొదలుపెట్టి మోకాలి ఎత్తు దాకా ప్రతి రెండు అంగుళాలకీ తట్టండి, తర్వాత భుజం ఎత్తులో తట్టండి. గట్టి చెక్క టక్ టక్ మంటుంది, తిన్న చెక్క డబ డబ మని డొల్లగా పలుకుతుంది. ఒకే దర్వాజాలో పైన ఒక శబ్దం, కింద ఇంకో శబ్దం వస్తే అక్కడ ఆగండి. బొటనవేలితో గట్టిగా నొక్కండి. పెయింట్ కాగితంలా లోపలికి వంగితే ఇక అనుమానం అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలంటే మాత్రం ఓనర్ పక్కన ఉండగా, ఆయన ఒప్పుకున్నాకే చేయండి, ఇల్లు ఇంకా వాళ్లదే.

ఇల్లంతా పాత పెయింట్ ఉండి ఒక్క దర్వాజాకే కొత్త పెయింట్ ఉంటే, లేదా చౌకట్టు కింది అడుగు మాత్రం పుట్టీ పెట్టి నున్నగా చేసి ఉంటే, అక్కడే ఎక్కువసేపు తట్టండి. మా ఇంట్లో మేం చేయని పని ఇదే.

"అన్నీ టేకు దర్వాజాలే, చెదలు పట్టవు" అని చాలామంది చెబుతారు, అబద్ధమాడాలని కాదు, నిజంగానే అలా నమ్ముతారు. టేకు చేవకి చెదలని తట్టుకునే గుణం ఉన్నమాట నిజం. కానీ చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకి ఆ గుణం లేదు, ఇప్పుడు వస్తున్న చిన్న వయసు టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. మా దర్వాజా కూడా టేకుదే.

తడి ఉన్న వైపు

బాత్రూమ్ గోడకి వెనక వైపు ఏ గది ఉందో చూసి, అక్కడ స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) వెంబడి టార్చ్ పక్క నుంచి పట్టి నడవండి. వెలుతురు గోడకి ఏటవాలుగా పడితే సన్నని మట్టి గీత కూడా ఎత్తుగా కనిపిస్తుంది, ఎదురుగా కొడితే కనిపించదు. పెయింట్ బుడగలు తేలిన చోట నొక్కి చూడండి, మామూలు చెమ్మ అయితే సున్నం రాలుతుంది, చెదలైతే వెనక తడి మట్టి ఉంటుంది. కిచెన్ సింక్ కింద అరలో సామాను తీయించి వెనక ప్లై చూడండి, పైపు గోడలోకి వెళ్లే రంధ్రం చుట్టూ మట్టి ఉందా అన్నది అసలు విషయం.

వార్డ్‌రోబ్‌లు గోడకి బిగించి ఉంటే వెనక పలక ఎవరికీ కనిపించదు. కింది సొరుగు పూర్తిగా లాగేసి లోపల టార్చ్ వేయండి. సజ్జ మీద అట్టపెట్టెలు, పాత పుస్తకాలు ఉంటే ఒకటి రెండు కదపండి. స్విచ్‌బోర్డుల అంచులు కూడా చూడండి, వైర్ల పైపులు చెదలకి గోడలోపలి దారులు, బోర్డు చుట్టూ మట్టి కనిపించిన ఇళ్లు నేను చూశాను. షాబాద్ బండలు, తాండూరు బండలు పరిచిన పాత ఇళ్లలో బండల మధ్య సందులు తెరుచుకుని ఉంటే అవీ దారులే.

దొరికింది ఏంటో ఎలా తెలుస్తుంది

మట్టి గొట్టం దొరికితే మధ్యలో ఒక అంగుళం మేర మాత్రమే విరగ్గొట్టండి. తెల్లటి పురుగులు పరుగెడితే విషయం అక్కడే తేలిపోయింది. ఖాళీగా ఉంటే ఫోటో తీసి వదిలేసి, నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ వెళ్లి చూడండి. విరిగిన చోట తడి మట్టితో అతికి ఉంటే చెదలు పనిలో ఉన్నాయి. అతకకపోయినా చెదలు పోయాయని రాసివ్వలేం, ఆ దారి వదిలేసి ఇంకో దారి పట్టి ఉండొచ్చు. గొట్టం మొత్తం చీపురుతో తుడిచేయకండి, తర్వాత చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆధారం మిగలదు.

రెక్కల చీమలకీ ఉసిళ్లకీ తేడా కనిపెట్టడం సులువు. చీమకి నడుము సన్నగా ఉంటుంది, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. ఉసిళ్లకి సన్నని నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు నిటారు.

ఫర్నిచర్ కింద గసగసాల్లాంటి గింజలు కుప్పగా పడి ఉంటే అవి పొడి చెక్కలోనే బతికే ఇంకో రకం చెదల రెట్టలు. ఆ చెదలకి మట్టితో పనిలేదు, మంచంతోనో సోఫాతోనో ఇంట్లోకి వస్తాయి, కాబట్టి నేలలో మందు పోయడం వల్ల వాటికి ఏమీ కాదు, ఆ చెక్కకే వైద్యం చేయాలి. మైదాపిండి లాంటి మెత్తని పొడి, చిన్న గుండ్రని రంధ్రాలు ఉంటే అది చెక్క తొలిచే పురుగు, చెదలు కాదు. ఈ మూడింటికీ మందు వేరు, ఖర్చు వేరు, అందుకే ఆ పొడి కొంచెం కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకోండి.

ఫ్లాట్ అయితే

పై అంతస్తు కదా అని వదిలేయొద్దు. పైపుల డక్ట్, లిఫ్ట్ గోడలు, రెండు బ్లాకుల మధ్య వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింట్ సందు వెంబడి చెదలు పైకి ఎక్కుతాయి, పైన ఎక్కడో బాత్రూమ్ లీకేజీతో తడి దొరికితే కిందికి దిగే అవసరం కూడా తగ్గుతుంది. మీ ఫ్లాట్‌తో పాటు స్టిల్ట్‌లో (కింది పార్కింగ్‌లో) మీటర్ల గది, జనరేటర్ దగ్గర, వాచ్‌మన్ గది దర్వాజా చూడండి. వాచ్‌మన్‌ని అడగండి: "అన్నా, వానలు పడ్డప్పుడు లోపల ఉసిళ్లు లేస్తాయా? ఎవరింట్లోనైనా చెదల మందు కొట్టించారా?" ఓనర్ మర్చిపోయినవి కూడా ఆయనకి గుర్తుంటాయి. ఇస్త్రీ చేసే అక్కకి, పనిచేసే అక్కకి ఇంకా బాగా తెలుస్తుంది.

ఓనర్‌తో మాట్లాడటం, కాగితంలో రాయించుకోవడం

ఆస్తి బదిలీ చట్టం, అంటే 1882 నాటి చట్టం, 55వ సెక్షన్ ప్రకారం అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాళ్లు దాన్ని చెప్పాలి. ఇందులో మామూలు జాగ్రత్త అన్న మాట గట్టిగా పట్టుకోండి. గోడ మీద ఎదురుగా కనిపించే మట్టి గొట్టాన్ని మీరు చూడకుండా వదిలేస్తే తర్వాత అడగడం కష్టం.

కాబట్టి సూటిగా అడగండి: ఇంట్లో ఎప్పుడైనా చెదలు వచ్చాయా, ఏ గదిలో, మందు ఎప్పుడు కొట్టించారు, బిల్లు, వారంటీ కాగితం ఉన్నాయా? స్కర్టింగ్ వెంబడి అడుగుకొకటి చొప్పున వైట్ సిమెంట్‌తో మూసిన చుక్కలు కనిపిస్తే ఇంతకుముందు మందు పోయించారని అర్థం. అది చెడ్డ గుర్తేం కాదు, పట్టించుకుని చేయించారు. ఎప్పుడు, ఎందుకు అన్నది తెలుసుకుంటే చాలు. జవాబులు అగ్రిమెంట్‌లో ఒక వాక్యంగా రాయించండి. చెదలు దొరికినా ఇల్లు వదులుకోవాలని లేదు, దర్వాజాలు మార్చే ఖర్చు, మందు ఖర్చు అంచనా వేయించి ధరలో తగ్గించమని అడగండి. బయానా ఇవ్వక ముందు ఈ మాటకి ఉన్న బలం ఇచ్చాక ఉండదు.

కొత్త ఫ్లాట్ అయితే, పునాది దశలో చెదల మందు కొట్టించిన కాగితం బిల్డర్‌ని అడగండి. 2016 రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ చట్టం) 14(3) సెక్షన్ కింద పొసెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనం, నాణ్యతలోగానీ లోపం చూపిస్తే బిల్డర్ తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. చెదల మందు సంగతి అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటే రేపు దీన్ని అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాక

క్రిమిసంహారకాల చట్టం, 1968 కింద లైసెన్స్ ఉందా అని మొదటే అడిగి కాపీ చూడండి. కొటేషన్‌లో మందు పేరు, ఎంత శాతం కలుపుతారు, ఎన్ని రంధ్రాలు, వారంటీ ఎన్నేళ్లు, మళ్లీ వస్తే ఇల్లంతా చేస్తారా, వచ్చిన చోటే చేస్తారా అన్నవి ఉండాలి. ఇల్లు చూడకుండా ఫోన్‌లోనే చదరపు అడుగుకి ఇంత అని చెప్పేవాళ్లని పక్కన పెట్టండి.

పని ఎలా జరగాలో భారత ప్రమాణం ఐఎస్ 6313 చెబుతుంది. కట్టిన ఇళ్లకి అందులో మూడో భాగం. గోడా ఫ్లోరింగూ కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 300 మిల్లీమీటర్లకి అంటే సుమారు అడుగుకొకటి, ఒక్కో దాంట్లో ఇక పట్టదు అనేదాకా లేదా గరిష్ఠంగా 1 లీటరు మందునీళ్లు. దర్వాజాలకి చెక్కా గోడా కలిసే చోట 6 మిల్లీమీటర్ల రంధ్రాలు ఏటవాలుగా, ఒక్కోదానికి గరిష్ఠంగా అర లీటరు.

ఇప్పుడు లెక్క వేయండి. 10 అడుగులకి 12 అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు, తలుపు తీసేస్తే 40 రంధ్రాలు, ఒక్క గదికే 40 లీటర్ల దాకా పడుతుంది. నేల గట్టిగా ఉంటే కొంత తగ్గొచ్చు. కానీ ఒక చిన్న స్ప్రేయర్ డబ్బాతో వచ్చి గంటలో ఇల్లంతా అయిపోయిందంటే మందు నేలలోకి వెళ్లనే లేదు. మందు క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (ఇక్కడ ఈసీ అంటే నీళ్లలో కలిపే గాఢ ద్రవం) అయితే 1 లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అయితే లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు, అంటే ఆ 40 లీటర్లకి 84 మిల్లీలీటర్లు. సీసా సీలు మీ ముందే తీయమనండి, తేదీ చూడండి, కలపడం దగ్గరుండి చూడండి. ఇది వాళ్లని అవమానించడం కాదు, మంచిగా పనిచేసేవాళ్లు తామే చూపిస్తారు.

సంపు, బోరు ఎక్కడున్నాయో వాళ్లకి ముందే చూపించండి. మన ఇళ్లలో సంపు గేటు పక్కనే, గోడకి ఆనుకుని ఉంటుంది, పగులు ఉంటే మందు అందులోకి దిగే ప్రమాదం ఉంది. సంపు దగ్గర డ్రిల్లింగ్ వద్దని గట్టిగా చెప్పండి. నీళ్ల పైపులు, కరెంటు పైపులు నేలలో ఎటు వెళ్తున్నాయో తెలిస్తే గుర్తు పెట్టండి. చిన్నపిల్లలు, గర్భిణులు, పెంపుడు జంతువులు ఆ రోజు ఇంట్లో ఉండకూడదు. అక్వేరియం ఉంటే దాన్నీ తరలించండి, బైఫెంత్రిన్ లాంటి మందులు చేపలకి ప్రాణాంతకం.

కిరోసిన్ పోయడం, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం తగిలిన పురుగుని చంపుతుంది, గూటికి ఏమీ కాదు. పాత రోజుల్లో చల్లిన గమాక్సిన్ పొడి మన దేశంలో నిషేధించిన మందు, ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోవద్దు.

ఇల్లు కట్టించుకునేవాళ్లకి

చెదల మందు మీద పెట్టే డబ్బు కట్టేటప్పుడు పెడితేనే బాగా పనిచేస్తుంది. బేస్‌మెంట్‌లో మొరం నింపి దిమ్మిస కొట్టాక, కాంక్రీట్ వేయక ముందు, చదరపు మీటరుకి 5 లీటర్ల చొప్పున మందునీళ్లు పోయాలి. 100 చదరపు మీటర్లకి 500 లీటర్లు. వానకి మట్టి నానిపోయి ఉన్న రోజున చేయకూడదు, చేశాక మళ్లీ ప్లంబింగ్ కోసం తవ్వితే ఆ మేరకి మళ్లీ పోయాలి. ఫిల్లింగ్‌లో సెంట్రింగ్ చెక్కలు, సిమెంట్ సంచులు పడేయకుండా మేస్త్రీకి ముందే చెప్పి, ఆ రోజు మీరు అక్కడే ఉండండి. ప్లైవుడ్ కొనేటప్పుడు వాటర్‌ప్రూఫ్ అన్న మాటతో ఆగొద్దు, చెదలకి ట్రీట్‌మెంట్ ఉందా అని వేరే అడిగి బిల్లులో రాయించండి.

ఉన్న ఇంటికి ప్రతి ఏడూ

జూన్‌లో మొదటి వాన పడ్డ వారంలో ఒక ఆదివారం ఉదయం, బయట చుట్టు, దర్వాజాలు తట్టడం, సింక్ కింద, సజ్జ మీద. గంట పని. గోడకి ఆనించినవి నాలుగు అంగుళాలు జరపండి, లీకేజీ ఉంటే ఆ నెలలోనే బాగుచేయించండి, కాగితాలు, ఫోటోలు ఇనుప బీరువాలోకి మార్చండి.

మా దేవుడి గదికి కొత్త దర్వాజా పెట్టించాం. దాని లోపలి వైపు అడుగున, తలుపు వేస్తే కనిపించని చోట, నాన్న ప్రతి జూన్‌లో తట్టి చూసి పెన్సిల్‌తో తేదీ రాస్తారు. ఇప్పటికి అక్కడ నాలుగు తేదీలున్నాయి.